చెడ్డ ఏడాది లెక్క

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒకటి గుమ్మఘట్ట నుంచి. పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యడం లేదు. లెక్కలు మాత్రం వేసుకోమన్నారు. అటువంటి లెక్కలు చాలా ఇళ్ళలో వున్నాయి గనుక ఈసారి శీర్షిక అంతా ఆ ఒక్క ఉత్తరానికే కేటాయిస్తున్నాను.

ఆ సోదరి భర్తకు రాయదుర్గంలో చిన్న ప్రైవేటు ఉద్యోగం. నెలకు 22,000 రూపాయలు చేతికి వస్తాయి. మామగారి పేర ఆరెకరాల మెట్ట. వానవస్తే వేరుశనగ, లేకపోతే ఎండిన కంప. ఆడబిడ్డ పెళ్ళికి, రెండు బోర్లకు చేసిన అప్పులు పెరిగి ఇప్పుడు అయిదు లక్షలయినాయి. రెండు బోర్లలోనూ దుమ్మే వచ్చింది. అయినా ఇంకొక చోట పాయింటు బాగున్నదని, మరో లక్షన్నర తెచ్చి మూడో బోరు వేయిద్దామని మామగారి పట్టుదల. అమ్మాయి ఇంటర్ రెండో ఏడు చదువుతున్నది. "ఖర్చు తగ్గాలంటే పిల్ల చదువు ఇంటర్‌తో ఆపుదాం" అన్న మాట ఇంట్లో మొదలయింది. "కాఫీలు మానేశాం, పండక్కి బట్టలు మానేశాం, ఇంకా ఏమి మానాలో చెప్పండి" అని అడిగారు ఆవిడ.

చెల్లెలా! ముందుగా ఒక మాట. మీరు కాఫీ మానవలసిన అవసరం లేదు. అప్పుచేసి పప్పుకూడు తిన్న ఇల్లు కాదు మీది. నీళ్ళ కోసం చేసిన అప్పు, ఆడపిల్లను అత్తవారింటికి పంపడానికి చేసిన అప్పు. ఇటువంటి అప్పు పొదుపుగా వున్నంత మాత్రాన తీరదు. ఏ అప్పు ఎంత తింటున్నదో తెలుసుకుంటే తీరుతుంది.

మీరు రాసిన నాలుగు అప్పులను ఒక కాగితం మీద వరసగా పెట్టాను. ఊళ్ళో ప్రోనోటు మీద తెచ్చినది 2,00,000, నూటికి రెండు రూపాయల వడ్డీ. బ్యాంకులో నగల మీద 1,50,000, ఏడాదికి 9 శాతం. పంట రుణం 1,00,000. గడువు దాటకుండా తిరగరాయించుకుంటున్నారు గనుక దాని మీద పడేది 4 శాతమే. మహిళా సంఘంలో తీసుకున్నది 50,000, నూటికి రూపాయి.

మన ఊళ్ళలో వడ్డీని నెలకు చెబుతారు, బ్యాంకువారు ఏడాదికి చెబుతారు. చిక్కంతా అక్కడే వున్నది. "రెండు రూపాయలే కదా" అంటే చిన్నమాటలా వినిపిస్తుంది. "తొమ్మిది శాతం" అంటే పెద్దదిగా తోస్తుంది. కాని నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. రూపాయి వడ్డీ అంటే 12 శాతం. 2004 తర్వాత మహిళా సంఘాలకు ప్రభుత్వం పెట్టిన పావలా వడ్డీ ఏడాదికి 3 శాతం మాత్రమే. ఏ అప్పునయినా ఇలా పన్నెండుతో హెచ్చవేసి చూసుకుంటే గాని దాని అసలు రూపం కనపడదు.

ఇప్పుడు ఏడాది వడ్డీ చూడండి. ప్రోనోటుకు 48,000. నగలకు 13,500. పంట రుణానికి 4,000. సంఘానికి సుమారు 6,000. మొత్తం 71,500. మీ అప్పులో ప్రోనోటు భాగం అయిదింట రెండు వంతులే. వడ్డీలో మాత్రం దాని భాగం మూడింట రెండు వంతులు! మీరేమో "ముందు నగలు విడిపించుకోవాలని వుంది" అని రాశారు. బీరువా బోసిగా వుంటే ఏ ఆడదానికయినా మనసు చివుక్కుమంటుంది, కాదనను. కాని ఇంటిని తినేస్తున్నది బ్యాంకులోని నగలు కావు, ఆ ప్రోనోటు.

ఇంకొక సంగతి మీ ఉత్తరంలోనే వున్నది. ప్రోనోటు వడ్డీ 4,000, చీటీ 3,000, సంఘం కంతు 2,500 జీతంలోంచి కడుతున్నారు. మిగిలిన 12,500తో ఇల్లు గడుపుతున్నారు. నగల వడ్డీ, పంట రుణం వడ్డీ కలిసి 17,500 మాత్రం పంట డబ్బులో కట్టాలని వదిలేస్తున్నారు. పంట రాని ఏడు ఆ 17,500 కోసం మళ్ళీ ప్రోనోటు వారి గడపే తొక్కుతున్నారు. మీ అప్పు పెరిగే దారి ఇదే.

గుమ్మఘట్టలో వుంటూ పంట మీద నమ్మకంతో వడ్డీ లెక్క వెయ్యవచ్చునా? అనంతపురం జిల్లా వాన ఏడాదికి సగటున 500, 550 మిల్లీమీటర్ల మధ్య. ఆ సగటు కూడా కాగితం మీదిదే. ఒక ఏడు ఎక్కువ, రెండేళ్ళు తక్కువ, పడినా పూత సమయానికి పడదు. మీ మండలంలోనే వేదవతి మీద భైరవానితిప్ప ప్రాజెక్టు వున్నది. ఆ నదికి ఎగువన, కన్నడదేశంలో హిరియూరు దగ్గర, మైసూరు ప్రభువులు 1907లో పూర్తిచేసిన వాణీవిలాస సాగరం వున్నది. అది 1933 తర్వాత మళ్ళీ నిండి పొర్లినది 2022లో! మధ్యలో ఒక మనిషి జీవితకాలమంతా గడిచిపోయింది. పైచెరువు కథే ఇలా వుంటే, దిగువ వాళ్ళు 2022ను చూసుకుని మిగతా ఏళ్ళకు ఖర్చు రాసుకోవడం తగునా?

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. కరువు సీమలో ఇంటి బడ్జెట్టు మంచి ఏడాది మీద వెయ్యకూడదు. చెడ్డ ఏడాది మీద వెయ్యాలి. పొలం నుంచి పైసా రాదని అనుకుని జీతం మీదనే లెక్క సరిపెట్టుకోవాలి. వస్తే అది అదనం.

ఆ ప్రకారం వేసి చూశాను. బంగారం ధర పెరిగింది గనుక అవే నగల మీద బ్యాంకువారు ఇంకో లక్ష ఇస్తామన్నారని రాశారు. ఆ లక్ష తీసుకోండి. అంతకు మించి వద్దు. తెచ్చిన రోజునే ప్రోనోటులో సగం తీర్చెయ్యండి. 24 శాతం అప్పు లక్ష పోయి 9 శాతం అప్పు లక్ష వస్తుంది. ఏడాదికి 15,000 మిగులు. పాడుకున్న చీటీ ఉగాదికి పూర్తవుతుందన్నారు. అప్పటినుంచి ఆ 3,000, ఇప్పుడు వడ్డీకి పోతున్న 4,000 కలిపి నెలకు 7,000 మీ చేతిలో వుంటుంది. అందులో 2,250 విడిగా తీసి పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వెయ్యండి. నగల వడ్డీ 22,500, పంట రుణం వడ్డీ 4,000 ఏడాది తిరిగేసరికి అందులోంచే కట్టవచ్చు. తక్కిన 4,750 నెలనెలా ప్రోనోటుకు. ఇలా కడితే ఆ మిగిలిన లక్ష, వడ్డీతో సహా, 28 నెలలలో తీరుతుంది. పొలం నుంచి ఒక్క రూపాయి రాకపోయినా సరే! ఇంటి ఖర్చుకు అదే 12,500 వుంటుంది. కాఫీ మళ్ళీ పెట్టుకోండి.

మూడు జాగ్రత్తలు. ఒకటి, కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక చెల్లు రాయించి సంతకం చేయించుకోండి. అసలులో కొంత కొంత తీసుకోవడానికి ఒప్పుకుంటారో లేదో ముందే పెద్దమనుషుల ఎదుట మాట్లాడుకోండి. అంతా తీరిన రోజున కాగితం వెనక్కు తీసుకోవాలి. రెండు, మూడేళ్ళకు ప్రోనోటు తిరగరాసేటప్పుడు వడ్డీని అసలులో కలపనివ్వకండి. రెండు లక్షల మీద మూడేళ్ళు వడ్డీ కట్టకపోతే 1,44,000 కలిసి కొత్తనోటు 3,44,000కు రాస్తారు. ఆ పైన వడ్డీకి వడ్డీ. మూడు, నగల గడువు తారీఖు క్యాలెండరు మీద ఎర్రగా రాసుకోండి. గడువుదాటితే నగలు వేలానికి పోతాయి. బంగారం చవక అప్పే గాని, మరపును క్షమించదు.

ఈ అప్పు తీరేలోగా ఇంటికి వచ్చి కంతుల మీద డబ్బు ఇస్తామనే వారిని గుమ్మంలోనుంచే పంపెయ్యండి. వారంవారం కంతులతో, ఒక కంపెనీ అప్పు తీర్చడానికి ఇంకొక కంపెనీ దగ్గర తెచ్చుకుని మన ఆడవాళ్ళు ఎంత నలిగారో తెలిసినదే. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అటువంటి చిన్న అప్పుల విషయంలో కంతులన్నీ కలిపి ఇంటి ఆదాయంలో సగం దాటకూడదని 2022లో రిజర్వు బ్యాంకు హద్దు పెట్టింది. వాన నమ్మకం లేని చోట సగం కూడా ఎక్కువే అంటాను నేను.

ఇక బోరు. లక్షన్నర అదే వడ్డీకి తెస్తే నెలకు 3,000. నీళ్ళు పడినా 3,000, పడకపోయినా 3,000. అమ్మాయి చదువు ఆపితే మిగిలేది అంతకంటె తక్కువే గదా! మామగారితో వాదించకండి. ఆయన కష్టం ఆరెకరాలలో వున్నది. నీళ్ళ మీద ఆశ వుండడం తప్పుకాదు. ఈ కాగితమే మీవారి చేత ఆయనకు చదివి వినిపించండి. "బోరు వద్దనడం లేదు, ప్రోనోటు తీరేదాకా ఆగుదాం, అప్పుడు మన డబ్బుతో వేద్దాం" అనమనండి. వద్దన్న మాట కంటె తరువాత అన్న మాట పెద్దవారికి సులభంగా ఎక్కుతుంది. ఈలోగా పొలంలో గట్లు సరిచేసి, పడిన వానను అక్కడే ఇంకించే పని చేసుకోవచ్చు. వేరుశనగ ఒక్కదానినే నమ్మక సాళ్ళ మధ్య కంది వేసుకోవచ్చు.

సంఘం లోను 23 నెలలలో పూర్తవుతుంది. అప్పటికి అమ్మాయి డిగ్రీ రెండో ఏడులో వుంటుంది. విడుదలయ్యే ఆ 2,500 దాని పేర రాసిపెట్టండి. అంతదాకా పంట డబ్బు వచ్చిన ఏడు ముందు ఫీజు, తరువాత విత్తనం, మిగిలితే ప్రోనోటు. రాని ఏడు రాయదుర్గంలో ప్రభుత్వ కళాశాల వుండనే వున్నది.

ఇరవై ఎనిమిది నెలలు గడిచాక 4,750 మీకు అలవాటయిన ఖర్చు అయివుంటుంది. దయచేసి ఆ అలవాటు మానకండి. మరో ఏడాదిపాటు మీ పేరనే వేసుకుంటే 57,000 అవుతుంది. అది నగలకు కాదు, పండక్కీ కాదు; వాన రాని ఏటికి. ఆ డబ్బు వున్న ఇల్లు విత్తనాలకు, వడ్డీలకు ఇంకొకరి గడప తొక్కనక్కరలేదు. నన్నడిగితే స్వేచ్ఛ అంటే అదే.

మీవారు, మామగారు ఏమన్నారో ఉగాది తరువాత రాయండి. ఎదురు చూస్తుంటాను.