నర్సమ్మ వేలిముద్ర ఎవరి సొత్తు?



మన హాస్టళ్ళలో చదువుకున్న అక్కచెల్లెళ్ళలో జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చేసినవారు ఎందరో ఉన్నారు. వారిలో కొందరు ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి అమెరికా వెళ్ళాలనుకుంటారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో పరీక్ష పాసైనంత మాత్రాన లైసెన్సు చేతికి రాదు. పది వేళ్ళ ముద్రలూ ఇవ్వాలి. వాటిని పోలీసు రికార్డులతోనూ, ఎఫ్‌బీఐ రికార్డులతోనూ సరిచూస్తారు. ఖర్చు కూడా సాధారణంగా నర్సే పెట్టుకోవాలి! "ప్రాణం పోసే చేతులకు నేరస్థుల పరీక్షా?" అని మనలో చాలామందికి కోపం వస్తుంది. అయితే కోపం కంటే ముందు సంగతి తెలుసుకోవాలి.

కాలిఫోర్నియా సంగతే తీసుకుందాం. ఆ రాష్ట్ర నర్సింగ్ బోర్డు 1990 నుంచి కొత్తవారి వేలిముద్రలు తీసుకుంటోంది గానీ, అంతకు ముందు లైసెన్సు పొందినవారిని అడగలేదు. 2008లో లాస్ ఏంజిలిస్ టైమ్స్, ప్రోపబ్లికా విలేకరులు కలిసి కూపీ లాగితే, కోర్టుల్లో శిక్షలు పడినవారు కూడా లైసెన్సుతో ఉద్యోగాలు చేసుకుంటున్నారని బయటపడింది. బోర్డుకు ఆ సంగతే తెలియదు. దాంతో 2009 నుంచి, ముద్రలు ఇవ్వని పాత నర్సులు కూడా లైసెన్సు రెన్యూవల్ సమయంలో ఇచ్చి తీరాలన్నారు. ఇరవై, ముప్పై ఏళ్ళు మచ్చ లేకుండా పనిచేసినవారికి అది అవమానంగా తోచడంలో వింత ఏముంది?

అయినా నేను ఈ విషయంలో రోగి పక్షమే. స్పృహ లేని మనిషి పక్కన రాత్రంతా ఒంటరిగా ఉండేది నర్సే. మార్ఫిన్ ఉన్న బీరువా తాళాలు ఆమె చేతిలోనే ఉంటాయి. మన అమ్మ ఐసీయూలో ఉంటే, ఆమెను చూసుకునే మనిషి ఎవరో ఆసుపత్రి వారు విచారించి ఉండాలని మనమే కోరుకుంటాం. కాబట్టి లైసెన్సు ఇచ్చేముందు ఒకసారి సరిచూడటం తప్పు కాదు.

అసలు గొడవ ఆ తర్వాతే మొదలవుతుంది. కాలిఫోర్నియాలో ఆ ముద్రలను సరిచూసి పారేయరు. న్యాయశాఖ వారు దాచి ఉంచుతారు. తర్వాత ఎప్పుడైనా ఆ నర్సు అరెస్టయితే బోర్డుకు కబురు వెళుతుంది. అరెస్టు అంటే నేరం రుజువైనట్టు కాదు కదా? పేదవాడిని, నల్లవాడిని ఏ దేశంలోనైనా ముందు అరెస్టు చేసి తర్వాత విచారిస్తారన్న సంగతి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక దాచిన ముద్రలకు భద్రత ఏపాటిది? 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం నుంచే 56 లక్షల మంది వేలిముద్రలు దొంగల పాలయ్యాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు పోతే?

వేలిముద్రకు మన దేశంలో చేదు చరిత్ర ఉంది. వేలిముద్రలను పాలనలో వాడటం మొదలైందే ఇక్కడ, బెంగాల్‌లో. 1858లో హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి కాంట్రాక్టు కాగితం మీద ఒక దేశీయుడి చేతిముద్ర వేయించుకున్నాడు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం ప్రకారం రిజిస్టరు చేసిన కులాలవారి ముద్రలు ఎప్పుడంటే అప్పుడు తీసుకునే అధికారం ఉండేది. స్టువర్టుపురం ఎరుకలవారు ఏ నేరం చేశారని? ఆ కులంలో పుట్టడమే నేరమైంది! 1952లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు. మన తాతలు చదువు రాక బొటనవేలు వేస్తే "నిశానీగాళ్ళు" అని వెక్కిరించారు. సంతకం నేర్చుకున్న మనల్ని మళ్ళీ వేలు పెట్టమంటున్నారు. స్కాలర్‌షిప్ కోసం మీసేవలో వేలు పెట్టినవారికి ఇది కొత్తేమీ కాదు.

నర్సుల సంగతికి వస్తే, మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కూడా ఆధార్ ఆధారంగా నర్సులకు ఎన్‌యూఐడీ అనే జాతీయ గుర్తింపు సంఖ్య ఇచ్చే పద్ధతి పెట్టింది. దొంగ సర్టిఫికెట్లతో చేరేవారిని ఏరివేయడానికి అది పనికొస్తుందంటే కాదనను. కానీ 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి మన ఉమ్మడి రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షులుగా పనిచేసినవారే. ఆ తీర్పు ప్రకారం ప్రభుత్వం మన గోప్యతలోకి చొరబడాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి పోకూడదు. ఈ కొలతతో చూస్తే లైసెన్సు కోసం తీసుకున్న ముద్రను మరో పనికి వాడటం కుదరదు. ఎన్నాళ్ళు దాస్తారో, ఎవరికి చూపిస్తారో ముందే కాగితం మీద చెప్పాలి. ఎప్పుడో చిన్న కేసులో ఇరుక్కుని బయటపడ్డ వారిని జీవితాంతం వెంటాడకూడదు. కాలిఫోర్నియా వారే 2018లో చట్టం చేసి, ఏడేళ్ళు దాటిన పాత శిక్షల పేరుతో లైసెన్సు నిరాకరించడానికి హద్దులు పెట్టారు. తీవ్రమైన నేరాలకు మాత్రం మినహాయింపు లేదు. అది సబబైన పద్ధతి.

మరో సంగతి ఎవరూ పట్టించుకోరు. రోజుకు ఎన్నోసార్లు సబ్బుతో, స్పిరిట్‌తో చేతులు కడిగే నర్సు వేలి గీతలు అరిగిపోతాయి. రేషను షాపులో కూలి తల్లుల వేళ్ళు మిషనుకు అందనట్టే, వీరి వేళ్ళూ ఒక్కోసారి అందవు. అప్పుడు "మళ్ళీ పెట్టమ్మా, మళ్ళీ పెట్టు" అని నిలబెట్టకుండా, వేరే గుర్తింపు పత్రంతో పని జరిగే దారి నిబంధనల్లోనే ఉండాలి. ఈ ఏడాది నర్సింగ్ పూర్తిచేసి పేరు నమోదు చేయించుకోబోయే చెల్లెళ్ళు వేలు పెట్టేముందు అక్కడి గుమాస్తాను ఈ మాటలు అడగండి. జవాబు రాకపోతే కౌన్సిల్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు.