గుడియు చెరువును

సెలవుదినము వచ్చిన చాలును. తెల్లవారకమున్నె హైదరాబాదున బయలుదేరి, హనుమకొండలో వేయిస్తంభముల గుడిని, ఓరుగల్లున కోటను, పాలంపేటలో రామప్పగుడిని చూచుకొని, రాత్రి ప్రొద్దుపోవు వేళకు ఇల్లు చేరుకొనువారు నేడు అనేకులు గలరు. ఇది సంతోషింపదగిన విషయమే. పూర్వము యాత్ర యనిన నెలలకొలది ప్రయాణము, అప్పులు, వీలునామాలు. నేడు మంచి బాటలేర్పడి, సామాన్యగృహస్థుడు సైతము పిల్లలను వెంటబెట్టుకొని కాకతీయుల రెండుశతాబ్దుల చరిత్రను ఒక్కపగటిలో కన్నులార చూడగలుగుచున్నాడు. తన పూర్వులు కట్టిన గుడిని చూడని జాతికి తన బలమెంతయో తెలియదు. కావున ఈ యాత్రలను మేము మనసార స్వాగతించుచున్నాము.

కాని చూచుట వేరు, చూచివచ్చితి మనిపించుకొనుట వేరు. హైదరాబాదునుండి ఓరుగల్లు సుమారు 150 కిలోమీటర్లు. అచటినుండి పాలంపేట మరి 70 కిలోమీటర్లు. రాకపోకలు కలిసి 400 కిలోమీటర్లు దాటును. పగటిలో సగము బండిలోనే గడచును. మిగిలిన సగములో భోజనములకు, ఫలహారములకు, ఛాయాచిత్రములకు పోగా ఒక్కొక్క గుడికి దక్కునది అరగంట. ఈ అరగంటలో యాత్రికుడు చూడవలసినదేమి? వానికి చూపవలసినవారు చూపుచున్నదేమి? ఈ ప్రశ్న నేడు అడుగక తప్పదు.

హనుమకొండనుండియే ప్రారంభింతము. వేయిస్తంభముల గుడిలో స్తంభములు లెక్కింప పూనుకొను పిల్లలు ప్రతిదినమును కనబడుదురు. వేయి యనునది లెక్క కాదు, లోకుల ఆశ్చర్యమునకు పెట్టిన పేరు. దానికంటె ముఖ్యమైనది అచటి శాసనము. 1163వ సంవత్సరమున కాకతి రుద్రదేవుడు ఇచట రుద్రేశ్వరుని, వాసుదేవుని, సూర్యుని ముగ్గురను ఒక్క కప్పుక్రింద ప్రతిష్ఠించెను. శివుడు గొప్పయా, విష్ణువు గొప్పయా యని తలలు పగులగొట్టుకొనిన కాలములు మన చరిత్రలో లేకపోలేదు. అట్టి దేశమున ఒక రాజు ముగ్గురు దేవతలకు మూడు ముఖముల గుడి కట్టి, నడుమ అందరు కూర్చుండుటకు ఒక్క రంగమంటపము నిలిపెను. చాళుక్యచక్రవర్తుల సామంతులుగా నుండిన కాకతీయులు స్వతంత్రులైన సంగతిని తెలుపు ప్రధానాధారము ఈ శాసనమే. అనగా ఈ రాయి ఒక గుడికి మాత్రమే కాక ఒక రాజ్యమునకు కూడ పుట్టుకపత్రము. దీని యెదుట నిలిచి చదివినవారెందరు? చదువదలచినను సంస్కృతమెరుగనివారికి అందులోని అర్థమును చెప్పువారెవరు?

ఇదే గుడికి చెందిన కల్యాణమంటపమును గూర్చి ఒకమాట చెప్పవలసియున్నది. శిథిలమైన ఆ మంటపమును బాగుచేయుటకై 2006లో రాయి రాయిగా విప్పిరి. తిరిగి నిలబెట్టి భక్తులకు తెరచినది 2024 మార్చి 8వ తేదీన, మహాశివరాత్రినాడు. నడుమ పదునెనిమిదేండ్లు గడచినవి. విప్పిననాడు పుట్టిన బిడ్డ, తెరచిననాటికి ఓటుహక్కు పొందు వయసునకు వచ్చెను. ఇట్టి పని సులభమని మేమనుట లేదు. గొయ్యి త్రవ్వి, ఇసుకతో నింపి, దానిపై బరువు నిలుపు కాకతీయుల పునాది పద్ధతిని తెలిసికొని చేయవలసిన పని యది, తొందరపడిన చెడును. పని ముగిసినందుకు శిల్పులను, యింజనీర్లను అభినందింపవలసినదే. అయినను పాలంపేట గుడినిర్మాణమే నలువది యేండ్లు సాగినదందురు. అందులో దాదాపు సగముకాలము ఒక్క మంటపమును మరల కూర్చుటకే పట్టినదనిన, లోపము చేతిపనిలో కంటె కార్యనిర్వహణలో నున్నదని ఎవరికైనను తోచకమానదు. పరపాలన కాలమున మన గుళ్లు పాడైనవని అన్యులను నిందించితిమి. నేడు నిందించుటకు అన్యులెవ్వరు?

కోటకు పోయినవారు నాలుగు కీర్తితోరణములను చూచి ముగ్ధులగుదురు. వాని నడుమనుండిన స్వయంభూదేవుని ఆలయము నేడు లేదు. దాని శకలములు మాత్రము నేలపై వరుసలుగా నున్నవి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లోబడినది. గుడి పోయెను, వాకిళ్లు నిలిచెను. ఆ తోరణములక్రింద నిలిచి నవ్వుచు ఛాయాచిత్రములు తీయించుకొనుట తప్పు కాదు. కాని వాకిలి యున్నదనిన ఇల్లెక్కడ అని అడుగు బిడ్డకు తండ్రి సమాధానము చెప్పగలిగియుండవలెను. రాజ్యములు ఎట్లు లేచునో హనుమకొండ చెప్పును. ఎట్లు కూలునో ఓరుగల్లు చెప్పును. రెంటికిని దూరము కొద్ది కిలోమీటర్లే.

ఇక పాలంపేట. 2021 జూలైలో యునెస్కోవారు ప్రపంచవారసత్వపు పట్టికలో చేర్చిననాటినుండి ఈ ఊరిపేరు దేశదేశముల వినబడుచున్నది. మార్గదర్శకులు మొదట చూపునది నీటిలో తేలు ఇటుక. తరువాత చూపునది ఎత్తుమడమల పాదరక్షలు తొడిగిన శిల్పసుందరి. జనులు చప్పట్లు కొట్టి మరలిపోవుదురు. ఇటుక తేలుట నిజమే. కాని తేలుటకై దానిని చేయలేదు. క్రింద ఇసుకపునాది, పైన బరువైన నల్లరాతి దూలములు. వీనిపై శిఖరము నిలుపవలెనన్నచో శిఖరముయొక్క బరువు తగ్గవలెను. అందులకే రంధ్రములుగల తేలికయిటుకను కాల్చిరి. నేల క్రుంగి మంటపపు అడుగు ఎగుడుదిగుడైనను, స్తంభములు నేటికిని నిలిచియున్నవి. ఇది మాయ కాదు, లెక్క. ఇంద్రజాలమని చెప్పిన మన బిడ్డ నోరు తెరచును; లెక్క యని చెప్పిన కన్ను తెరచును. మనకు కావలసినది ఈ రెండవది.

ఈ గుడిని కట్టించినది రాజు కాడు, రాజునకు సేనాని యైన రేచర్ల రుద్రుడు. గణపతిదేవుడు శత్రువుల చెరలో నున్న కష్టకాలమున, సింహాసనము ఖాళీగా నున్న ఆ దినములలో, రాజ్యభారమును మోసి నిలిపినవాడీతడు. కత్తి చేతనుండి, గద్దె చేరువనుండి, దానిపై కూర్చుండక కాచి యొప్పగించిన స్వామిభక్తుడు. శాలివాహనశకము 1135, అనగా 1213వ సంవత్సరమున వేయించిన శాసనము ఆవరణలోనే నలుపలకల నల్లరాతిపై నేటికి నున్నది. శాసనమున దేవుడు రుద్రేశ్వరుడు. జనుల నోట ఆ గుడి రామప్ప. రామప్ప యనునది శిల్పి పేరని తరతరములుగా చెప్పుకొనుచున్నారు. కట్టించినవాని పేరు రాతిలో నుండగా, చెక్కినవానిదని తలచిన పేరు ప్రజలనాలుకపై నిలిచినది. ప్రజలు ఎవరిని తమవానిగా నెంచుకొందురో దీనివలన తెలియుచున్నది.

గుడిగోడలపైని నర్తకులను, మృదంగధారులను చూచినవారు మరియొకరిని స్మరింపవలెను. గణపతిదేవుని గజసేనాధిపతి జాయప నృత్తరత్నావళి యను సంస్కృతగ్రంథమును రచించెను. ఇరువదవ శతాబ్దమున నటరాజ రామకృష్ణగారు ఈ గ్రంథమును, ఈ శిల్పములను ఆధారముగా గొని, మరుగుపడిన పేరిణి నృత్యమును తిరిగి రంగమునకు తెచ్చిరి. రాతిలో ఏడువందల యేండ్లు నిద్రించిన అడుగు మరల గజ్జె కట్టినది. శ్రద్ధతో చూచిన కన్ను ఏమి చేయగలదో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేల? అట్లే, నిజాము ప్రభుత్వపు పురావస్తుశాఖాధిపతియై, 1922లో పాలంపేట దేవాలయములపై ప్రత్యేకగ్రంథమును ప్రకటించి విద్వల్లోకమునకు వీనిని పరిచయము చేసినవారు గులాం యజ్దానీగారు. గుడిని రక్షించుట ఆ గుడిలో మ్రొక్కువారిపని మాత్రమే యని తలచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

అయితే యాత్రికులలో పెక్కుమంది గుడి చూచి, బండి యెక్కి, వెనుదిరుగుదురు. గుడికి చేరువనే కొండలనడుమ కట్టవేసి నిలిపిన రామప్పచెరువు గలదు. కాకతీయుల కాలమునాటి ఆ చెరువునీరు నేటికిని పొలములకు పారుచున్నది. మన పెద్దలు సప్తసంతానములని ఏడింటిని చెప్పిరి: తటాకము, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము, కృతి, పుత్రుడు. ఇందులో చెరువును, గుడిని, కావ్యమును కడుపునబుట్టిన బిడ్డతో సమానముగా లెక్కించిరి. సంతానమనగా కని విడిచిపెట్టునది కాదు, పెంచవలసినది. కాకతీయుల నాడు గుడి కట్టినచోట చెరువును త్రవ్వించుట ఆచారముగా నుండెను. చెరువు నిండినగాని పంట లేదు, పంట లేనిది గుడికి నైవేద్యము లేదు, నైవేద్యము పంచుకొను ఊరు లేనిది గుడికి కాపు లేదు. గుడిని మాత్రము చూచి చెరువుకట్ట యెక్కకుండ మరలినవాడు దీపమును చూచి నూనెను మరచినవాడు.

2015లో తెలంగాణ ప్రభుత్వము చెరువుల పునరుద్ధరణకార్యమునకు కాకతీయుల పేరే పెట్టుట ఈ సంబంధము ఎరిగి చేసినపనియే. అయినను పేరు పెట్టుట ఒక్కనాటిపని, పూడిక తీయుట ఏటేటిపని. ఊరూర చెరువుశిఖములు ఇండ్లస్థలములగుచుండగా, కాకతీయుల కీర్తిని వేదికలపై కొనియాడుట ఎవరిని మోసగించుటకు?

పాలంపేటకు చేరువ గణపురమున కోటగుళ్లని పిలువబడు దేవాలయసముదాయము గలదు. సుమారు ఇరువది చిన్నపెద్ద గుళ్లు ఒక్క ఆవరణలో నున్నవి. వానిలో పెక్కు శిథిలములు. రామప్పకు వచ్చినవారిలో ఆ త్రోవ పట్టువారు అరుదు. ఒక గుడికి ప్రపంచఖ్యాతి వచ్చినపుడు దాని వెలుగు పొరుగుగుళ్లపై ప్రసరింపవలెను గాని, వానిని మరింత చీకటిలోనికి త్రోయరాదు. పెద్దకొడుకునకు సన్మానము జరిగినదని చిన్నకొడుకును పస్తుంచు తండ్రి యుండునా?

కావున మేము కోరునది గొప్పకార్యమేమియు కాదు. ప్రతి శాసనము ప్రక్కను దాని సారాంశమును సులభమైన తెలుగున చెక్కించి నిలుపవలెను. మార్గదర్శకులకు వింతలు చెప్పుటలో గాక విషయము చెప్పుటలో శిక్షణ నీయవలెను. ఆ పనికి ఆయా గ్రామముల యువతీయువకులనే తీసికొనవలెను. యాత్రాక్రమమున చెరువుకట్టకు ఒక గంట, కోటగుళ్లకు ఒక గంట కేటాయింపవలెను. ఒక్కనాడు చాలదన్నచో, మూడుచోట్లకు మారు రెండుచోట్లనే నిదానముగా చూపవచ్చును. జీర్ణోద్ధరణ తలపెట్టిన ప్రతిచోటను, పని ఎన్నడు మొదలైనదో, ఎన్నటికి ముగియవలెనో, ఆలస్యమైన ఎందువలననో తెలుపు పలక నొకదానిని ప్రజలకు కనబడునట్లు నాటవలెను. ప్రజలసొత్తుపై ప్రజలకు లెక్క చెప్పుట ప్రభుత్వమునకు అవమానము కాదు.

యాత్రికులకును ఒకమాట. శిల్పముల చెంపలు తడవుట, స్తంభములపై పేర్లు గీయుట, తినినవాని పొట్లములు చెరువున పారవేయుట, ఇవి చట్టమునకు జడిసి మానవలసినవి కావు. ఇంటి పెద్దలయెదుట కాలుచాపము గదా, అట్లే మానవలసినవి. ఎనిమిదివందల యేండ్లు యుద్ధములను, వానలను, ఉపేక్షను తట్టుకొనిన రాయి మన వ్రేలిగోటికి లోకువ కారాదు.

ఒక్కదినమున ఓరుగల్లు చూచుట సాధ్యమే. కాని ఆ దినము ఇంటికి వచ్చిన తరువాత ముగియక, తన ఊరి గుడివైపు, తన ఊరి చెరువువైపు మన చూపును మరల్చవలెను. ప్రతి ఊరికిని ఒక పాలంపేట గలదు. దానికి యునెస్కో పట్టికలో చోటు లేకపోవచ్చును, దాని చెరువున నీరు మాత్రము ఉండవలెను. రామప్పకట్టపై నిలిచి నీటిని చూచిన బిడ్డ తన ఊరికి వచ్చి, మన చెరువేమైనదని ఒక్కసారి తండ్రి నడిగినచో, ఆ యాత్ర సఫలమైనట్లే. ఆ ప్రశ్నకు తలవంచుకొనని సమాధానము చెప్పగల స్థితిని తెలుగువారు తెచ్చుకొందురుగాక యని ఆశించుచున్నాము.