తెలుగునకుఁ బీట వేయని బడి

నానాదేశముల యువకు లొక్క కప్పుక్రిందఁ జదివెడు క్రైస్తవ బోధక శిక్షణాలయము లోకసౌభ్రాత్రమునకు నిదర్శనమని మనము మురియుచున్నాము. కులమున కొక పంక్తి వేసిన దేశమున నందఱును గలసి భుజించుట నిజముగా గొప్పయే. కాని యట్టి పంక్తిలోఁ దెలుగునకుఁ బీట లేకున్న నది సౌభ్రాత్ర మెట్లగును?

“పలుదేశములవారు చేరినచోట నింగ్లీషే గతి” యని కొంద ఱందురు. గోదావరీతీరపు చరిత్ర యట్లు చెప్పదు. 1836లో ఇంగ్లండునుండి వచ్చిన బౌడన్, బీరు దంపతులు నరసాపుర ప్రాంతమునఁ బనిచేయుటకుఁ దెలుగు నేర్వవలసివచ్చెను. కాకినాడలోఁ బని నారంభించిన థామస్ గాబ్రియేలు తెలుగువాఁడే. 1874లో నచటికి వచ్చిన కెనడా బాప్టిస్టు మిషనరీ మెక్‌లారిన్ 1882లో సామర్లకోట పాఠశాలను స్థాపించినది తెలుగు పల్లెలకు బోధకులను దీర్చుటకే. పురుషోత్తమ చౌదరి కీర్తనలు నిరక్షరాస్యుల నాలుకపైఁ గూడ నిలిచినవన్న, నవి తెలుగునఁ బుట్టుటచేతనే కదా!

ఇంగ్లీషు వలదనుట లేదు. గ్రంథపఠనమునకును, బరదేశ మిత్రులతోడి సంభాషణమునకును నది వలయును. కాని స్నేహమన నెప్పుడు నొకరే దిగివచ్చుట కాదు. కోనసీమ బాలుఁడు మిత్రునికొఱకుఁ బరభాష నేర్చినప్పు డా మిత్రుఁడు దినమున కొక గడియ తెలుగు నేర్వరాదా? పరీక్షలో మొదటివాఁడై వచ్చి, తన పల్లెలో మంచము పట్టిన ముసలమ్మకు నాలుగు మాట లోదార్పుగాఁ జెప్పలేని వాని చదు వెవరికొఱకు?

చదువరులారా! బిడ్డ నట్టి బడికిఁ బంపునప్పుడు, “అచట నెన్ని దేశములవా రున్నారు?” అనుటకు ముందు, “అచటఁ దెలుగు వినఁబడునా?” యని యడుగుఁడు.