నల్లులకు చేనుమందు - ఇంటికే ముప్పు
పల్నాడు గడపల్లో ప్రమాదం నల్లి కాటులో లేదు, దాని మీద కొట్టే మందులో ఉంది

నడికుడి : నల్లి కుడితే దద్దురు లేస్తుంది, దురద పుడుతుంది, నిద్ర చెడుతుంది. మనిషి ప్రాణం పోదు. నల్లి ఫలానా జబ్బును ఒకరి నుంచి మరొకరికి అంటిస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. కాని దానిని చంపడానికి తెచ్చిన మందు మనుషులను బలి తీసుకుంటున్నది. 2025 అక్టోబరులో బెంగళూరులోని ఒక పేయింగ్ గెస్ట్ వసతి గృహంలో తిరుపతి ప్రాంతానికి చెందిన ఒక బి.టెక్. యువకుడు, తాను ఊరికి వెళ్ళినప్పుడు గదిలో నల్లుల మందు కొట్టిన సంగతి తెలియక తిరిగివచ్చి పడుకుని మరణించినట్లు వార్తలు వచ్చాయి. మరుసటి నెలలో టర్కీలోని ఇస్తాంబుల్ నగరంలో, జర్మనీ నుంచి విహారానికి వచ్చిన ఒక కుటుంబంలో తల్లి, తండ్రి, ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. తిన్న తిండి వికటించిందని మొదట అనుకున్నారు. తర్వాత దర్యాప్తు వారు దిగిన హోటలులో నల్లులకు వాడిన మందు వైపు మళ్ళింది. అంతకు ముందు 2018 ఆగస్టులో ఈజిప్టులోని హుర్ఘదా పట్టణంలో హోటలులో దిగిన ఒక బ్రిటిష్ దంపతులు మరణించారు. పక్క గదిలో నల్లులకు కొట్టిన మందు ఆవిరి తలుపు సందుల్లోంచి వచ్చి వారిని చంపిందని 2023 నవంబరులో బ్రిటన్‌లో జరిగిన విచారణ తేల్చింది.

ఇవి ఎక్కడో పట్నాల్లో, పరాయి దేశాల్లో జరిగినవే. అయినా పల్నాడు గృహస్థులు వీటిని తేలికగా తీసుకోవడానికి వీలు లేదు. ఆ పట్నాల్లో పురుగుమందు కావాలంటే వెదకి తెచ్చుకోవాలి. పత్తి, మిరప పండించే ఈ జిల్లాలో సగం వాడిన సీసా పంచలోనో, వంటింటి అటక మీదో ఉండడం పరిపాటి. పక్కనే చేతిపంపు కూడా ఉంటుంది. రాత్రంతా నల్లులతో వేగిన మనిషికి తెల్లవారగానే ఆ సీసా మీదికి చేయి పోవడం సహజం.

జంక్షను ఊరికి తప్పని రాకపోకలు

నల్లికి రెక్కలు లేవు. అది ఎగరలేదు, దూకలేదు. మనిషి మోసుకువస్తేనే ఊరు మారుతుంది. ఆ లెక్కన నడికుడి వంటి జంక్షను ఊళ్ళకు దాని బెడద ఎప్పుడూ పొంచి ఉంటుంది. గుంటూరు వైపు నుంచి వచ్చే రైలు మార్గం ఇక్కడ రెండుగా చీలి ఒకటి మాచర్లకు, రెండవది నల్లగొండ మీదుగా సికింద్రాబాదు వైపు పోతుంది. నారాయణాద్రి, శబరి వంటి దూరప్రయాణపు బండ్లు ఈ దారినే నడుస్తాయి. బండ్లలో పరుపు చుట్టలు, పెట్టెలు, సంచులు ఒకదానికొకటి ఆనుకుని రాత్రంతా ప్రయాణం చేస్తాయి. మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కూలీలు పక్కబట్టలతో సహా పల్నాడుకు తరలివస్తారు. చదువుల కోసం గుంటూరు, విజయవాడ, హైదరాబాదు హాస్టళ్ళలో ఉన్న పిల్లలు సెలవులకు ట్రంకుపెట్టెలతో ఇళ్ళకు చేరుతారు. వీరిలో ఎవరి సామానులో నల్లి ఉన్నదో తెలుసుకోవడం ఎవరి తరమూ కాదు.

కనుక ఇంట్లో నల్లులు చేరడం ఎవరి శుభ్రతకూ మచ్చ కాదు. 2023 శరదృతువులో పారిస్ నగరమే నల్లుల భయంతో అట్టుడికింది. దేవుళ్ళకు కూడా నల్లి బాధ తప్పలేదని మన చాటుకవి ఏనాడో నవ్వించాడు. అయినా నల్లులున్నాయని పక్కింటివారికి చెప్పడానికి జనం సిగ్గుపడుతున్నారు. ఆ గుట్టే నల్లికి కలిసివస్తున్నది. గోడ ఉమ్మడిగా ఉన్న ఇళ్ళలో ఒకరు రహస్యంగా మందు కొడితే నల్లి చావకుండా పక్కింటికి నడుస్తుంది. నెల తిరిగేసరికి మళ్ళీ వెనక్కి వస్తుంది.

చేను నేర్పిన పాఠం

మందు గట్టిదైతే నల్లి చస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఈ నమ్మకం ఎంత నిలుస్తుందో పల్నాడు రైతుకు వేరే చెప్పనక్కరలేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద పురుగు దాడి చేసినప్పుడు రైతులు మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు, అప్పులు మిగిలాయి. 2021-22లో మిరప తోటల మీద నల్ల తామరపురుగు విరుచుకుపడినప్పుడూ అదే తంతు నడిచింది. ఒకే మందును పదే పదే కొడితే దానికి తట్టుకున్న పురుగులు మాత్రమే బతికి, వాటి సంతానమే పొలమంతా నిండుతుంది.

మంచంలోనూ జరుగుతున్నది ఇదే. మలేరియా నివారణకు మన దేశంలో 1953లో జాతీయ కార్యక్రమం మొదలై ఇళ్ళ గోడలకు డి.డి.టి. చల్లారు. దోమలతోపాటు నల్లులూ చావడంతో గ్రామాల్లో మందు పంపులకు స్వాగతం లభించింది. కొన్నేళ్ళకు నల్లులు ఆ మందుకు అలవాటు పడ్డాయి. మందు చల్లితే నల్లులు ఇంకా చెలరేగుతున్నాయంటూ అనేక గ్రామాల్లో ప్రజలు మలేరియా సిబ్బందిని ఇళ్ళలోకి రానివ్వలేదు. హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ నౌకాదళ బారకాసుల్లో 1947 నాటికే డి.డి.టి.కి లొంగని నల్లులు కనిపించాయి. ఈనాడు ఇళ్ళలో వాడే దోమల చుట్టలు, డబ్బా స్ప్రేలలో ఎక్కువ భాగం పైరిత్రాయిడ్ జాతి మందులే. ఇవి కూడా డి.డి.టి. వలెనే పురుగు నరాల మీద ఒకే చోట దెబ్బ కొడతాయి. అందుచేత డి.డి.టి.ని జీర్ణించుకున్న నల్లి వీటిని కూడా తట్టుకుంటున్నది. 2000 ప్రాంతం నుంచి ప్రపంచమంతటా నల్లులు తిరిగి పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

డబ్బా స్ప్రే పని చేయకపోతే తర్వాత మెట్టు చేనుమందు. ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది.

సీసా మీద ముక్కోణం చూడాలి

పురుగుమందు సీసాల మీద ముక్కోణపు గుర్తు ఉంటుంది. ఎరుపు రంగు అతి తీవ్రమైన విషానికి, పసుపు తీవ్రమైన విషానికి, నీలం మధ్యరకానికి, ఆకుపచ్చ తక్కువ విషానికి గుర్తు. చేనుమందు మోతాదును ఎకరానికి లెక్కకట్టి, ఆరుబయట గాలిలో కొట్టడానికి తయారు చేశారు. దానినే పది అడుగుల గదిలో, కిటికీలు మూసి, పిల్లలు పడుకునే పరుపు మీద కొడితే ఆ విషం ఎక్కడికీ పోదు. దూదిలో ఇంకి రోజుల తరబడి ఆవిరి వదులుతూ ఉంటుంది. పసిపిల్లలు ఆ పక్కబట్టలనే నోట పెట్టుకుంటారు.

ఒకప్పుడు నువాన్ పేరుతో ఇళ్ళలో విరివిగా వాడిన డైక్లోర్వాస్ మందును కేంద్ర ప్రభుత్వం 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. టిక్-20 సీసా నల్లుల కంటె ఆత్మహత్యల వార్తల్లోనే ఎక్కువగా వినిపించిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి.

అన్నిటికంటె భయంకరమైనవి ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. మూడు గ్రాముల బిళ్ళకు గాలిలోని తేమ తగిలితే ఒక గ్రాము ఫాస్ఫీన్ విషవాయువు పుడుతుంది. గోడ పగుళ్ళలోంచి, తలుపు సందుల్లోంచి అది పక్క గదికి పాకుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. ఈ బిళ్ళలను ప్రభుత్వ సంస్థలకు, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే నివారణ సంస్థలకు తప్ప ఇతరులకు అమ్మరాదని నిబంధన ఉంది. నల్లులకనో, ఎలుకలకనో ఎవరైనా బిళ్ళ చేతిలో పెడితే దానిని ఇంటి గడప దాటనివ్వరాదు.

మందు కొట్టిన గదిలో ఉన్నవారికి తల తిరగడం, వాంతులు, విపరీతమైన చెమట, చొంగ కారడం, చూపు మసకబారడం, ఊపిరాడకపోవడం వంటివి కనిపిస్తే ముందుగా వారిని ఆరుబయటి గాలిలోకి చేర్చాలి. వెంటనే 108కి ఫోను చేయాలి. మందు సీసా గాని, దాని మీది కాగితం గాని ఆస్పత్రికి వెంట తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు తగిన విరుగుడు వేయగలడు.

ఎండ, మరిగే నీళ్ళు, సున్నం

నల్లిని వదిలించుకోవడానికి విషం లేని మార్గాలు పల్నాడులోనే కావలసినన్ని ఉన్నాయి. నల్లి వేడికి ఆగలేదు. 50 డిగ్రీల సెల్సియస్ వేడి నేరుగా తగిలితే పెద్ద నల్లి, పిల్ల నల్లి, గుడ్డు అన్నీ నిమిషాల్లో చస్తాయి. వెనుకటి తరం ఇల్లాళ్ళు మంచం వాకిట్లో వేసి కోళ్ళు, పట్టెల సందుల్లో సలసల కాగే నీళ్ళు పోసేవారు. ఆ పద్ధతిలో లోపం లేదు. నవారు, నులక విప్పి మరగబెట్టాలి. దుప్పట్లు, దిండు గలీబులు, దోమతెరలు కూడా వేడినీళ్ళలో అరగంట నానబెట్టి ఉతకాలి. ఇనుప మంచమైతే గొట్టాల చివర్లు, మరల రంధ్రాలు మరచిపోరాదు.

రాష్ట్రంలోకెల్లా ఎండకు పేరుపడిన రెంటచింతల ఈ జిల్లాలోనే ఉంది. అయితే పరుపును ఊరకే ఎండలో పడవేస్తే చాలదు. ఎండ తగిలిన వైపు నుంచి నల్లులు నీడ వైపుకు పాకిపోతాయి. బట్టలు, పల్చని బొంతల వంటివాటిని నల్లని పాలిథీన్ సంచుల్లో పెట్టి మూతి బిగించి, నడివేసవి ఎండలో బండల మీద పరచి, మధ్య మధ్య తిరగవేస్తూ రోజంతా ఉంచాలి. మందపాటి పరుపు లోపలిదాకా ఎండ వేడి దిగదు. దూది పరుపును విప్పి ఏకించి, గలీబును మరగబెట్టి తిరిగి కుట్టించుకోవడం మేలు.

నల్లి పగలు దాగేది సందుల్లో. పరుపు కుట్ల వెంట, మంచం అతుకుల్లో, గోడ పగుళ్ళలో, పటాల వెనుక మిరియపు పొడి చల్లినట్లు నల్లని చుక్కలు కనిపిస్తే అక్కడ కాపురమున్నట్లే. సున్నపు బట్టీలకు పేరుపొందిన పిడుగురాళ్ళ పక్కనే ఉన్నప్పుడు గోడల పగుళ్ళు పూడ్చి సున్నం వేయించడం పెద్ద ఖర్చు కాదు. పగులు పూడితే దాగే చోటు పోతుంది. మంచాన్ని గోడకు జానెడు ఎడంగా జరిపి, దుప్పటి అంచులు నేలకు తగలకుండా చూసి, కోళ్ళ కింద సబ్బునీళ్ళ గిన్నెలు పెడితే పైకి ఎక్కబోయిన నల్లులు అందులో పడతాయి. ఆ నీళ్ళను ఏ రోజుకారోజు మార్చాలి. లేకుంటే నల్లి పోయి దోమ వస్తుంది. కిరసనాయిలు పూయడం మాత్రం మానాలి. నిప్పు అంటుకుంటే ఇల్లే మిగలదు.

ఒక్కసారి చేసి ఊరుకుంటే ఫలితం ఉండదు. ఆడ నల్లి రోజుకు రెండు మూడు చొప్పున గుడ్లు పెడుతూనే ఉంటుంది. అవి వారం, పది రోజుల్లో పిల్లలవుతాయి. తిండి లేకపోయినా నల్లి నెలల తరబడి బతుకుతుంది. కొన్నాళ్ళు ఇంటికి తాళం వేసి వెళ్ళినంత మాత్రాన చావదు. పది రోజులకొకసారి చొప్పున నెలన్నర పాటు ఇదే పని మళ్ళీ మళ్ళీ చేస్తే గుడ్ల నుంచి వచ్చిన తరం కూడా పోతుంది. ఈ ఓపిక లేకనే జనం సీసా మీదికి పోతున్నారు.

చేయవలసింది ఎవరు?

ఇన్ని చేసినా నల్లులు లొంగకపోతే మందు తప్పకపోవచ్చు. అప్పుడు ఇళ్ళలో వాడకానికి అనుమతి పొందిన మందునే, లైసెన్సు ఉన్న నివారణ సంస్థ చేత కొట్టించాలి. మందు పేరు, మళ్ళీ ఎన్ని గంటలకు లోపలికి పోవచ్చునో కాగితం మీద రాయించుకోవాలి. పక్క వాటా వారికి ముందుగా చెప్పాలి. బెంగళూరులోనూ, హుర్ఘదాలోనూ చనిపోయినవారు మందు కొట్టించినవారు కారు. వారికి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి.

హాస్టళ్ళు, లాడ్జీలు, అద్దె గదుల యజమానుల మీద ఈ బాధ్యత మరింత ఉంది. మందు కొట్టిన గదికి తాళం వేసి, తేదీ రాసిన కాగితం తలుపుకు అంటించడానికి ఖర్చేమీ కాదు. సంక్షేమ హాస్టళ్ళలో వేసవి సెలవుల్లోనే మంచాలు, పెట్టెలు బయటవేసి వేడినీళ్ళు పోయించి, గోడలకు సున్నం వేయిస్తే జూన్‌లో పిల్లలు వచ్చేసరికి గదులు సిద్ధమవుతాయి. పురుగుమందుల దుకాణదారులు నల్లులకని అడిగినవారికి చేనుమందు అమ్మరాదు. వ్యవసాయాధికారులు, ఆశా కార్యకర్తలు ఈ ఒక్క మాటను ఊరూరా చెప్పవలసిన అవసరం ఎంతైనా ఉంది. పంచాయతీలు, పురపాలక సంఘాలు వీధి మొత్తానికి ఒకే రోజు ఏర్పాటు చేసి మంచాలు ఎండకు వేయించగలిగితే నల్లికి పక్కింటి ఆశ్రయం కూడా ఉండదు.

ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నాడన్న సామెత వింటే నవ్వు వస్తుంది. నల్లి మీద కోపంతో పిల్లలు పడుకునే పరుపుకు చేనుమందు కొట్టడం అంతకంటె భిన్నం కాదు. పొలంలో మిగిలిన సీసాను ఇంటి బయట తాళం వేసిన పెట్టెలో ఉంచడం పల్నాడు గృహస్థులు ఈ రోజే చేయదగిన మొదటి పని.