గుమ్మడి పక్కన కూర్చుని సినిమా చూస్తే

రంగులద్దుకున్న ‘మాయాబజార్’ చూడడానికి గుమ్మడి వెంకటేశ్వరరావు వచ్చారు. ఆయన జనం మధ్య కనిపించడం అదే ఆఖరు. 2010 జనవరి 26న కన్నుమూశారు. నాలుగు రోజులకు, 30న, ఆ రంగుల చిత్రం థియేటర్లకొచ్చింది. తెర మీద బలరాముడు, తెర ముందు 82 ఏళ్ల బలరామ పాత్రధారి. సినిమా నడుస్తున్నంతసేపూ ఆయన ముందు ఓ మైకు పెట్టి, గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు చెప్పమని ఉంటే తెలుగువాళ్లకు ఎంత పెన్నిధి దక్కేది!

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1984లోనే అమెరికాలో క్రైటీరియన్ సంస్థ ‘కింగ్ కాంగ్’ లేజర్ డిస్క్‌లో రొనాల్డ్ హేవర్ అనే సినీ చరిత్రకారుడి వ్యాఖ్యానాన్ని మరో సౌండ్ ట్రాక్‌గా చేర్చింది. బొమ్మ నడుస్తుంటే పక్కనే ఒకరు కబుర్లు చెబుతుంటారు. ఆ తర్వాత దర్శకులూ నటులూ అదే పని చేశారు. మన డీవీడీల్లో మాత్రం పాటల జాబితా తప్ప ఇలాంటిది దాదాపు కనిపించలేదు.

ఇంటర్వ్యూలు ఉన్నాయిగా అనవచ్చు. ఇంటర్వ్యూలో యాంకర్ అడిగిందానికే జవాబు వస్తుంది. పెద్ద నటులు చెప్పి చెప్పి అరిగిపోయిన నాలుగు ముచ్చట్లే మళ్లీ చెబుతారు. సినిమా చూస్తూ మాట్లాడేటప్పుడు అలా కుదరదు. తెర మీద ఓ కిరీటం కనబడగానే దాని బరువు గుర్తొస్తుంది. వెనక వరసలో నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టు పేరు నోటికొస్తుంది. ఒక్కోసారి ఆ మనిషి మాట ఆపేసి, పోయిన తోటి నటుణ్ని ఊరికే చూస్తుండిపోతారు. వినేవాడికి ఆ మౌనం కూడా ఓ కబురే.

1957లో ‘మాయాబజార్’ వచ్చేనాటికి గుమ్మడికి ఇంకా 30 నిండలేదు. తనకన్నా నాలుగేళ్లు పెద్దయిన ఎన్టీఆర్‌కు అన్నగా, సావిత్రికి తండ్రిగా వేశారు. ‘అర్ధాంగి’లో అయితే తనకన్నా పెద్దవాడైన అక్కినేనికే తండ్రి. ఆ వయసులో ఆ పెద్దరికం గొంతులోకి ఎలా తెచ్చుకున్నారు? ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ లైట్లు సర్దేలోపు సెట్లో ఏం మాట్లాడుకునేవారు? నలుపు తెలుపుల్లో తీసిన ఆ పట్టుబట్టల అసలు రంగులేమిటి? శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి భుజాలు ఎగరేసి, ఆ ఘటోత్కచ పాత్రధారి ఎస్వీ రంగారావు దర్పం చూపిస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వు ఎలా ఆపుకున్నారు? ఆ ఒక్క సన్నివేశం మీదే ఆయన పది నిమిషాలు మాట్లాడినా తనివి తీరేది కాదు.

చెవితో సినిమా చూడడం తెలుగువాడికి అలవాటే. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం విన్న తరం ఇంకా ఉంది. ‘దానవీరశూరకర్ణ’ డైలాగులు క్యాసెట్లలో విని కంఠతా పట్టినవాళ్లున్నారు. నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల లాంటి ఊళ్లకు మద్రాసు స్టూడియోలు ఎప్పుడూ దూరమే. ఇప్పుడు వెళ్లినా, వడపళనిలో ఒకప్పటి విజయా వాహినీ స్థలంలో మాల్, ఆసుపత్రి కనిపిస్తాయి. ఆ లోకంలోకి ఓ పల్లెటూరి పిల్లాణ్ని చేయిపట్టి తీసుకెళ్లగలిగేది అక్కడ పనిచేసినవాళ్ల గొంతే.

ఖర్చా? పెద్దగా ఉండదు. ఓ చిన్న గది, తెర, మైకు, రెండున్నర గంటల సమయం. ఓటీటీలో భాష మార్చుకున్నట్టే ఈ ట్రాక్‌నూ ఎంచుకునేలా పెట్టొచ్చు. 1987 నాటి ‘అహ నా పెళ్లంట’తో మొదలుపెట్టొచ్చు. దర్శకుడు జంధ్యాల లేరు, నిర్మాత రామానాయుడు లేరు. వేలాడదీసిన కోడిని చూస్తూ అన్నం తిన్న కోట శ్రీనివాసరావు కూడా 2025 జులైలో వెళ్లిపోయారు. రాజేంద్రప్రసాద్, బ్రహ్మానందం ఉన్నారు. సినిమా హక్కులున్నవాళ్లు ఆ ఇద్దరినీ ఈ ఏడాదే పిలిచి పక్కపక్కన కూర్చోబెట్టాలి.