ఓటుకు ర్యాంపు, బతుకుకు మెట్లా?

ఎన్నికలొస్తే వికలాంగుల మీద సర్కారుకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. పోలింగ్ జరిగే బడి ముందట ర్యాంపు వెలుస్తుంది. వీల్‌చైర్ వస్తుంది. చెయ్యి పట్టి లోపలికి తోలుకపోయే వలంటీర్ వస్తాడు. చూపులేని ఓటరు కోసం ఓటింగ్ మిషన్ మీద బ్రెయిలీ ఉంటుంది. ఈ బ్రెయిలీని ఎన్నికల సంఘం 2004లో పరీక్షించి చూసింది మన హైదరాబాద్‌లోని ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలోనే. 2024 లోక్‌సభ ఎన్నికల్లోనైతే 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవాళ్లు కోరుకుంటే ఇంటికే వచ్చి ఓటు వేయించుకొని పోయారు.

మేం కాదనం. సంతోషమే. కాని ఆ తెల్లారి సంగతేంది? అదే మనిషి పట్టా కాగితం కోసం తహసీల్ ఆఫీసుకు పోతే మెట్ల కింద ఆగిపోవాలె. బ్యాంకుకు పోతే ఎవరన్నా ఎత్తుకపోవాలె. వైకల్యం ఉన్నదని రుజువు చేసుకునే సర్టిఫికెట్ కోసం కూడా పడుతూ లేస్తూ ఆసుపత్రి దాకా పోవాలె. ఓటునాడు దొరికిన తొవ్వ బతుకునాడు ఎందుకు దొరకదు? ఒక్కరోజు చేయగలిగిన సర్కారు ఏడాది పొడుగునా ఎందుకు చేయదు? చేతగాక కాదు, అడిగేవాళ్లు లేరన్న ధీమా.

వీళ్లు పిడికెడు మందేం కాదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద 2 కోట్ల 68 లక్షల మంది తేలారు. మన తెలంగాణ జిల్లాల్లోనే పది లక్షలకు పైగా ఉన్నారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన నల్లగొండ బిడ్డలు మనకు ఎరికే. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. అంటే ఇప్పుడు లెక్క తీస్తే అంకె ఇంకా పెరుగుతుంది.

ఆ 2016 చట్టంలో ఏమున్నదో మన నాయకులు ఒకసారి చదువుకోవాలె. ర్యాంపులు, తగిన సౌకర్యాల నిబంధనలు పాటించని బిల్డింగు ప్లానుకు అనుమతి ఇవ్వొద్దని 44వ సెక్షన్ చెబుతున్నది. కట్టినాక పూర్తయినట్టు సర్టిఫికెట్ కూడా ఇవ్వొద్దన్నది. పాత ప్రభుత్వ బిల్డింగులను ఐదేండ్లలో సవరించాలని 45వ సెక్షన్. రూల్సు 2017 జూన్‌లో వచ్చినయి. గడువు 2022 జూన్‌లోనే ముగిసింది. ఎన్ని ఆఫీసులు మారాయో ఎవరి మండలంలో వాళ్లు లెక్కబెట్టుకుంటే చాలు, జవాబు దొరుకుతుంది.

చూపులేని రాజీవ్ రాతూరి అనే ఆయన 2005లో ఇదే సంగతి మీద సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 2017 డిసెంబర్‌లో కోర్టు ఆదేశాలిచ్చింది, అమలు కాలేదు. ఎక్కడెక్కడ ఏం జరగలేదో చూసి చెప్పే పని చివరికి మన హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీకి అప్పజెప్పింది. ఆ నివేదిక చూసినాక 2024 నవంబర్ 8న అసలు లొసుగు బయటపెట్టింది. చట్టం 'చేసి తీరాలె' అన్నది. రూల్సు దాన్ని 'చేస్తే మంచిది' అన్న సలహాకు దించాయి. ఆ రూలు చెల్లదని కొట్టేసి, తప్పనిసరి నిబంధనలు మూడు నెలల్లో తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. హక్కును సలహాగా మార్చడం ఢిల్లీకి బాగా తెలిసిన విద్య.

పింఛన్ ఇస్తున్నాం కదా అంటారు పాలకులు. ఆసరా కింద 2014లో 1,500, 2019లో 3,016, 2023లో 4,016 రూపాయలు అయింది. పింఛన్ కావాల్సిందే, ఇంకా పెరగాల్సిందే. కాని పింఛన్ ఇంట్ల కూసున్న మనిషికి బువ్వ పెడుతుంది. తొవ్వ ఉంటేనే ఆ మనిషి బడికి, కొలువుకు, కచేరీకి పోతాడు. సర్కారు కొలువుల్లో 4 శాతం, ఉన్నత చదువుల్లో 5 శాతం రిజర్వేషన్ చట్టంలో ఉన్నది. క్లాసు రెండో అంతస్తులో పెట్టి లిఫ్టు పెట్టకపోతే ఆ 5 శాతం ఎవరికి?

ర్యాంపు పేరు మీద జరుగుతున్న మోసం ఇంకొకటి. ఒక ఫీటు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు ఫీట్ల పొడుగు వాలు ఉండాలన్నది లెక్క. మన ఆఫీసుల ముందట మూడు ఫీట్లలో ముగించిన నిట్టనిలువు సిమెంటు దిబ్బలు కనబడతాయి. అవి సార్ల మోటార్ సైకిళ్లు వరండా ఎక్కడానికి పనికొస్తాయి, వీల్‌చైర్ ఎక్కితే ఎల్లెలుకల పడాల్సిందే. బస్సుల సంగతీ అంతే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. కాళ్లు లేని ఆడబిడ్డకు టికెట్ సున్నానే, కాని మోకాలెత్తు మెట్టు ఎక్కేదెట్ల?

ఇప్పుడు మెట్లు సెల్‌ఫోన్‌లోకి కూడా వచ్చాయి. బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు కెమెరా ముందట కన్నార్పి చూపమంటారు. చూపులేనివాళ్లు, యాసిడ్ దాడిలో మొఖం కాలినవాళ్లు ఎట్ల చూపాలె? డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చి, 20 ఆదేశాలిచ్చింది. వినికిడి లేనివాళ్లకు ఆఫీసుల్లో సైగల భాష తెలిసిన మనిషి కావాలన్న మాటైతే ఎవరి చెవికీ ఎక్కడం లేదు.

పైసలు లేవనే సాకు మేం ఒప్పుకోం. కట్టేటప్పుడే వాలు పెడితే అయ్యే ఖర్చు ప్రారంభోత్సవం నాటి షామియానా, పూలదండల ముందట ఎంత? ఆ వాలు మీద ముసలోళ్లు నడుస్తారు, నిండు గర్భిణులు నడుస్తారు, సంకల పిల్లనెత్తుకున్న తల్లి నడుస్తుంది.

అడగడానికి దారి ఉన్నది. చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలె. రిజిస్టర్‌లో రాసుకొని రెండు వారాల్లో విచారించాలె. తేలకపోతే జిల్లా కమిటీకి పోవచ్చు, ఆపైన రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే పది వేల దాకా, మళ్లీ ఉల్లంఘిస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా. మన ఊరి ఆఫీసులో ఆ అధికారి ఎవరో, రిజిస్టర్ ఏదో సమాచార హక్కు కింద అడుగుదాం. మున్సిపాలిటీ ఏ బిల్డింగుకు ఏం చూసి సర్టిఫికెట్ ఇచ్చిందో అడుగుదాం. సంఘాలు, విద్యార్థులు, జర్నలిస్టులు ఈ పనిని వికలాంగులకే వదిలిపెట్టొద్దు.

'వికలాంగులు' అన్న మాట తీసి 2015లో ప్రధాని 'దివ్యాంగులు' అన్నారు. పేరు మారింది, మెట్టు మారలేదు. దివ్యత్వం ఎవరూ అడగలేదు. ఎవరి భుజం మీదా ఎక్కకుండ, ఎవరికీ దండం పెట్టకుండ, తన ఆఫీసులోకి తానే పోయే తొవ్వ అడుగుతున్నారు. ఆత్మగౌరవం అన్నదానికి ఇంతకన్న పెద్ద అర్థం మాకు తెలియదు.