హద్దు తేల్చని చెరువు దక్కదు

చెరువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్రభుత్వం తేల్చి చెప్పకపోతే, ఆ హద్దును ప్లాట్లు అమ్మేవాడు తేలుస్తాడు. సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, అమీన్‌పూర్, బొల్లారం, ఇస్నాపూర్ పరిసరాల్లోని గొలుసుకట్టు చెరువులకు పట్టిన గతి ఇదే. ఇక్కడ చట్టాలకు కొరత లేదు. వాటిలోని కీలకమైన మాటలకు నేల మీద అర్థం స్థిరపరచకపోవడమే అసలు నేరం.

2012 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168 చూడండి. పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్ లోపల ఏ కట్టడమూ కుదరదని అది చెబుతోంది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. వాగు వెడల్పు పది మీటర్లు దాటితే 9 మీటర్లు, లేకుంటే 2 మీటర్లు. కొలతలన్నీ స్పష్టంగానే ఉన్నాయి. కానీ చెరువు బఫర్ అంతా ఎఫ్‌టీఎల్ గీత నుంచే లెక్క. ఆ గీతే ఖరారు కాని చోట 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి?

ఎఫ్‌టీఎల్‌ను నిర్ణయించేది అలుగు ఎత్తు. నీరు అలుగు అంచుకు చేరినప్పుడు ఎంత నేల మునుగుతుందో అదంతా చెరువే. అందుకే కబ్జాదారు కన్ను ముందు అలుగు మీద పడుతుంది. చదునైన నేలలో అలుగును కాస్త తగ్గించినా, గండి కొట్టినా ఎకరాలకు ఎకరాలు బయటపడతాయి. పదిన్నర హెక్టార్ల చెరువును తొమ్మిదిన్నరకు కుదిస్తే దక్కేది ఒక్క హెక్టారే కాదు, బఫర్ కూడా 30 నుంచి 9 మీటర్లకు దిగుతుంది. ఆక్రమణకు చట్టమే బహుమతి ఇచ్చినట్టవుతుంది. చెరువు లోపల ఎండాకాలం సాగుకు మాత్రమే పనికివచ్చే శిఖం పట్టాలు ఇళ్ల స్థలాలుగా చేతులు మారేదీ ఈ అస్పష్టత నీడలోనే.

కేంద్రం చేసిన తప్పు ఇంకా పెద్దది. 2010 చిత్తడి నేలల నియమాల నిర్వచనంలో మానవ నిర్మిత జలాశయాలకూ చోటుండేది. 2017 నియమాలు సాగునీటికి, తాగునీటికి ప్రత్యేకంగా నిర్మించినవాటిని ఆ నిర్వచనం నుంచి తొలగించాయి. తెలంగాణ చెరువులు దాదాపు అన్నీ కట్ట వేసి, తూము పెట్టి, ఆయకట్టు కోసం మనుషులు నిర్మించుకున్నవే. ఒక్క వాక్యంతో అవన్నీ ఆ నిర్వచనం బయటికి పోయాయి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ పెద్దచెరువు కూడా కుతుబ్‌షాహీల కాలంలో నిర్మించినదే. వలస పక్షులకు తెలిసిన విలువ నియమావళికి తెలియకపోవడం క్షమించరానిది.

సముద్ర తీరం సంగతి వేరు. 2019 నాటి తీర ప్రాంత నియంత్రణ ప్రకటన పోటు రేఖ ఎక్కడుందో గుర్తించే బాధ్యతను చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రానికే అప్పగించింది. నదీముఖాల్లో సముద్ర ప్రభావం ఎంతవరకో తేల్చడానికి, ఏడాదిలో అత్యంత పొడి కాలంలో నీటి లవణీయత కొలవాలని చెప్పింది. జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరంలో నిర్మాణ నిషేధాన్ని 200 నుంచి 50 మీటర్లకు తగ్గించడం సమర్థనీయం కాదు. అయినా గీత ఎవరు గీయాలో, ఎలా గీయాలో అక్కడ రాసి ఉంది. మెతుకుసీమ (పాత మెదక్ జిల్లా) చెరువుకు ఆపాటి గౌరవమైనా దక్కలేదు.

హద్దు తేల్చకపోవడమనే ఈ శాపం నీటి నాణ్యతకూ తప్పలేదు. పటాన్‌చెరు ప్రాంతంలోని నక్కవాగు కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం హైకోర్టు మీదుగా హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లి 2017లో గానీ తీర్పు చూడలేదు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో వెల్లడిస్తే ప్రపంచం నివ్వెరపోయింది. 2020 జనవరిలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులతో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021 తుది ప్రకటనలో ఆ పరిమితులు మాయమయ్యాయి. ఇక వాగులోకి ఎంత యాంటీబయాటిక్ వదిలినా, ఆ ప్రకటనలో దానికి పరిమితే లేదు.

చెరువుల ఆక్రమణలు తొలగించేందుకు 2024 జులైలో ఏర్పడిన హైడ్రా పరిధి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుతో ఆగుతుంది. నీళ్లు అక్కడ ఆగవు. పైగా గీత ఖరారు కాకముందే బుల్డోజర్ వస్తే, మున్సిపల్ అనుమతి చూసి జీవితకాలపు పొదుపుతో ఇల్లు కొన్నవాడు రోడ్డున పడతాడు. అనుమతిచ్చిన అధికారి, ప్లాట్లు వేసిన వ్యాపారి క్షేమంగా ఉంటారు. ఇది న్యాయం కాదు.

కాబట్టి మా మాట సూటిగా చెబుతున్నాం. సంగారెడ్డి జిల్లాలోని ప్రతి చెరువుకూ పాత నీటిపారుదల రికార్డుల్లోని అలుగు మట్టం ఆధారంగా ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ గడువు పెట్టి ఇవ్వాలి. హద్దురాళ్లు పాతి, సర్వే నంబర్లను రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ప్రదర్శించాలి. వచ్చే కాలువ, పోయే వాగు, శిఖం, అలుగు అన్నీ చెరువులో భాగమేనని రాష్ట్రం సొంత చట్టం చేయాలి. బఫర్ లెక్కకు నేటి విస్తీర్ణం కాక రికార్డు విస్తీర్ణమే ప్రమాణం కావాలి. కేంద్రం కన్నా కఠిన ప్రమాణాలు పెట్టే అధికారమున్న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యాంటీబయాటిక్‌లకు పరిమితి విధించాలి. తప్పుడు అనుమతిపై సంతకం చేసిన చేతికి శిక్ష పడాలి. ఈ పనులు చేయని ప్రభుత్వానికి చెరువుల పేరుతో ఎవరి ఇల్లూ కూల్చే నైతిక హక్కు లేదు.